సీసా మీద కంపెనీ పేరుంది సరే, మనిషి పేరేది? (ఇద్దరు ఎంపీ గార్లకి ఒక మెడికల్ షాపు వాడి బహిరంగ లేఖ)

శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారికి, నమస్కారం అండీ.

ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం ఎందుకంటే మా రాజాం వాళ్ళ సంగతి మీకు తెలిసిందే కదా, 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, తెల్లారి లేచేసరికి విజయనగరం జిల్లా అయిపోయాం, ఇప్పటికీ కలెక్టరాఫీసు పని అంటే కాలు శ్రీకాకుళం వైపే లాగుతాది. పైగా నేను చెప్పబోయేది, కల్తీ మందుకి కంపెనీ పెద్దల్లో బాధ్యుడెవరో చట్టంలోనే రాయించడం, పార్లమెంటులో కూర్చునేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పని. ఎమ్మెల్యే గారికి చెప్తే ఆయనేం చేస్తారు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ గారికి చెప్తే ఆయన రేపు నా షాపుకే వస్తారు. అందుకని మీకు.

నాకు రాజాం దగ్గర ఒక ఊళ్ళో మెడికల్ షాపు ఉందండీ, పెట్టి 19 ఏళ్ళు. ఒక ఫ్రిజ్జు, మూడు ర్యాకులు, బయట జనం కూర్చోడానికి ఒక బల్ల, అంతే.

2025 అక్టోబర్‌లో, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజులే అవి, టీవీ పెడితే చాలు దగ్గుమందు వార్తలు. మధ్యప్రదేశ్ చింద్వాడాలో చంటిపిల్లలు చనిపోతున్నారు, కోల్డ్రిఫ్ అనే సిరప్పు, తయారైంది తమిళనాడు కాంచీపురం జిల్లాలో. ఆ సరుకు మా షాపులో ఎప్పుడూ పెట్టలేదు, మా డిస్ట్రిబ్యూటర్ దగ్గర కూడా లేదు. అయినా సాయంత్రం అయ్యేసరికి ఒకరి తర్వాత ఒకరు ఇంట్లో ఉన్న సీసాలన్నీ పట్టుకుని వచ్చేస్తున్నారు, సగం తాగినవి, మూత జిగురు పట్టినవి, రెండేళ్ళ కిందటివి. అందులో ఒక మామ్మ, పక్క ఊరామె, కొంగు ముడి విప్పి సీసా తీసి బల్ల మీద పెట్టింది. "బావూ, మొన్న నీకాడే కొన్నాను. గుంటడికి రెండు మూతలు ఏసీసినాను. మంచిదేనేటి?" అంది.

నేను సీసా తిప్పి చూశాను. బ్యాచ్ నంబరు ఉంది. తయారీ తేదీ, ఎక్స్‌పైరీ ఉన్నాయి. లైసెన్సు నంబరు ఉంది. ఎక్కడో హిమాచల్‌లో ఫ్యాక్టరీ అడ్రసు, ప్లాట్ నంబరుతో సహా ఉంది. లైటుకి అడ్డంగా పెట్టి చూశాను, ఎర్రగా చిక్కగా ఉంది. మూత తీసి వాసన చూశాను, అదే తియ్యటి వాసన. ఆ లేబుల్ మీద ఇంత సమాచారం ఉంది కదా, ఇది తాగిన పిల్లాడికి ఏమన్నా అయితే నేను ఎవరి చొక్కా పట్టుకోవాలో ఆ పేరు మాత్రం ఎక్కడా లేదు. 19 ఏళ్ళుగా రోజుకి వంద సీసాలు చేతిలోంచి వెళ్తున్నాయి, ఆ రోజు దాకా నాకు ఆ సంగతి తోచలేదు చూడండి.

"మంచిదేలే మామ్మా" అన్నాను. ఏం చూసి అన్నానో నాకే తెలీదు. ఆమె వెంటనే "నువ్వు సెప్పినావు కదా, ఇంకేటి బయం" అని మళ్ళీ కొంగులో కట్టుకోబోయింది. అప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. ఆగు మామ్మా అని సీసా తీసేసుకుని డబ్బులు వెనక్కి ఇచ్చేశాను. సగం వాడిన సీసాకి డబ్బులు ఎందుకిచ్చావు అని మా ఆవిడ రాత్రి గొడవ. ఆ సీసా ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది. అది మంచిదే అయ్యుంటుంది, 99 వంతులు మంచిదే. కానీ ఆ మామ్మకి పూచీ ఉన్నది ఎవరండీ, ఫ్యాక్టరీ కాదు, దాని డైరెక్టర్లు కాదు, నేను.

ఆ చింద్వాడా మందులో ఏముందో మీకు ఢిల్లీలో ఫైళ్ళు వచ్చే ఉంటాయి, కానీ ఇది చదివే మనూరి వాళ్ళ కోసం చెప్తాను. పారాసిటమాల్ లాంటి మందు నీళ్ళలో సరిగ్గా కరగదు, కరగడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ అని ఒక ద్రవం కలుపుతారు. దానికి మందుల గ్రేడు వేరు, ఇండస్ట్రీ గ్రేడు వేరు. ఇండస్ట్రీ గ్రేడులో డైఇథిలీన్ గ్లైకాల్ ఉండొచ్చు, అది బ్రేక్ ఆయిల్‌లోనూ ప్రింటింగ్ ఇంకులోనూ వాడే సరుకు, అదీ చిక్కగా తియ్యగానే ఉంటుంది, చూస్తే తేడా తెలీదు, ధర మాత్రం తక్కువ. సిరప్పులో అది 0.1 శాతం దాటకూడదు, అంటే 60 ఎంఎల్ సీసాకి ఒక చుక్క. తమిళనాడు ప్రభుత్వ ల్యాబ్ ఆ సిరప్పుని పరీక్ష చేస్తే 48.6 శాతం వచ్చింది. 60 ఎంఎల్ సీసాలో దగ్గర దగ్గర 29 గ్రాములు! పిల్లలకి ముందు వాంతులు, తర్వాత ఒంటేలు ఆగిపోతుంది, తర్వాత కిడ్నీలు. 20 మందికి పైగా పిల్లలు పోయారు, చాలామంది అయిదేళ్ళ లోపు వాళ్ళు.

కిడ్నీ ఫెయిలవడం అంటే ఏంటో శ్రీకాకుళం వాళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస వైపు ఏ ఇంటికెళ్ళినా డయాలసిస్ వారాలు నోటికి చెప్తారు. అక్కడ జబ్బుకి కారణం ఇదీ అని ఇన్నేళ్ళైనా తేల్చలేకపోయారు, సరే అది వేరే సంగతి. కానీ చింద్వాడాలో కారణం తెలుసు, ఆ ద్రవం వచ్చిన డ్రమ్ము తెలుసు, ఆ డ్రమ్ము కొన్నవాడెవడో తెలుసు, పరీక్ష చెయ్యకుండా కలపమన్నవాడు కూడా ఎవడో ఒకడు ఉండే ఉంటాడు కదా.

మొదట ఎవర్ని పట్టుకున్నారు? మందు రాసిన డాక్టర్ని. తర్వాత కొన్నాళ్ళకి చెన్నైలో కంపెనీ ఓనర్ని కూడా పట్టుకున్నారు, కాదనను, మంచి పని చేశారు. కానీ అది చిన్న కంపెనీ కాబట్టి అయింది. ఓనరూ అతనే, మేనేజరూ అతనే, పేరు దాచుకోడానికి చోటు లేదు. నేను 19 ఏళ్ళుగా చూస్తున్నది ఏంటంటే కంపెనీ పెరిగేకొద్దీ పెద్ద కుర్చీ దూరం అయిపోతాది. మధ్యలో ప్లాంట్ హెడ్, నాణ్యత చూసే క్యూఏ హెడ్, వెండర్, వేరేవాడి ఫ్యాక్టరీలో చేయించుకునే లోన్ లైసెన్సు, మార్కెటింగ్ కంపెనీ వేరే, తయారు చేసేది వేరే. పోలీసు మెట్లెక్కుతూ వెళ్ళి రెండో అంతస్తులోనే అలిసిపోయి అక్కడ దొరికినోణ్ణి పట్టుకుని దిగిపోతాడు.

ఇది ఊరికే ఊహించి చెప్తున్నది కాదు, నా మీద నడిచిన కేసే ఉంది. 2013లో మా షాపులో జ్వరం బిళ్ళల శాంపిల్ తీశారు. చట్టం ప్రకారమే తీశారు, దానికి నేనేం అనను, స్ట్రిప్పులు నాలుగు భాగాలు చేసి లక్క సీలు వేసి, శాంపిల్ తీసినట్టు ఫారం 17 ఇచ్చి, సరుకు డబ్బులు కూడా ఇచ్చి తీసుకెళ్ళారు. రిపోర్టు ఫెయిల్. కరగాల్సిన టైములో బిళ్ళ కరగట్లేదంట. బిళ్ళ నేను చేశానా, నేను కరిగించానా? అయినా కేసులో మొదటి పేరు నాది, తర్వాత డిస్ట్రిబ్యూటరు, తర్వాత కంపెనీ, ఆఖర్న ఇద్దరు డైరెక్టర్లు. తొమ్మిదేళ్ళు వాయిదాలు. వాయిదా రోజు షాపు మూసుకుని, టిఫిన్ తిని, బస్సెక్కి, కోర్టు వరండాలో వేప చెట్టు వైపు చూస్తూ కూర్చోవడం. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చిన గులాబీ రంగు బిల్లు ఒకటి దాచుకున్నాను కాబట్టి, లైసెన్సున్న వాడి దగ్గరే కొన్నాను, మంచిగానే దాచాను అని చూపించి మందుల చట్టం సెక్షన్ 19 కింద బయటపడ్డాను. ఆ బిల్లుని ఎలక కొట్టేసి ఉంటే ఇప్పటికీ అక్కడే కూర్చునేవాణ్ణి.

మరి డైరెక్టర్లు? వాళ్ళు ఒక్క వాయిదాకి కూడా రాలేదు. పై కోర్టుకి వెళ్ళి మా పేర్లు తీసేయండి అన్నారు, తీసేశారు. కంపెనీ తరఫున బాధ్యుడు అని చివరికి ఒక కెమిస్టు పేరు మిగిలింది, 18 వేల జీతం అంట, ఆ అబ్బాయి అప్పటికే ఉద్యోగం మానేసి ఎక్కడో ఉన్నాడు, సమన్లు అందలేదు. నా కేసులో ఎవరూ చనిపోలేదు కాబట్టి నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు. పిల్లలు చనిపోయిన కేసు అయినా దారి ఇదే.

ఎందుకు తీసేశారు అని నేను అప్పట్లో లాయరు గారి ప్రాణం తీశాను. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను, మీరు చట్టాలు చేసేవాళ్ళు, తప్పుంటే దిద్దండి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో సెక్షన్ 34 ఉంది. కంపెనీ తప్పు చేస్తే ఆ టైముకి కంపెనీ వ్యాపారానికి ఇన్‌ఛార్జిగా, బాధ్యుడిగా ఉన్న ప్రతి మనిషీ నేరస్థుడే అని రాసుంది. చదివితే ఎంత బాగుందో చూడండి. కానీ 1998లో హర్యానా కేసు ఒకటి, బ్రిజ్‌లాల్ మిత్తల్ కేసు, అందులో సుప్రీంకోర్టు ఏమందంటే డైరెక్టర్ అయినంత మాత్రాన సరిపోదు, రోజువారీ వ్యాపారానికి ఇన్‌ఛార్జి అతనే అని ఫిర్యాదులో చూపించాలి అంది. న్యాయంగా చూస్తే తప్పేం కాదది, పేరుకి డైరెక్టర్ బోర్డులో పెట్టిన తోడికోడల్ని జైల్లో వెయ్యమని ఎవరూ అనరు. కానీ ఇన్‌ఛార్జి ఎవడో రాసి ఉన్న కాగితం కంపెనీ బీరువాలో ఉంటుంది, ఫిర్యాదు రాసేది జిల్లాలో ఉండే ఇన్‌స్పెక్టరు. ఆయనకి ఆ బీరువా తాళం ఎవరిస్తారు?

అమెరికాలో ఇదే ప్రశ్న 1975లో వచ్చింది. ఆక్మీ మార్కెట్స్ అని పెద్ద కిరాణా కంపెనీ, 874 షాపులు, 36 వేల మంది పనివాళ్ళు. బాల్టిమోర్‌లో వాళ్ళ గోడౌన్‌లో ఎలకలు. తిండి సరుకులో ఎలకల పెంటికలు. ప్రభుత్వం ఆ కంపెనీ ప్రెసిడెంట్ పార్క్ అనే ఆయన మీదే కేసు పెట్టింది. ఆయన వాదన మనకి బాగా తెలిసిన వాదనే, నేను ఫిలడెల్ఫియాలో ఉంటాను, ఎలకల సంగతి కింద వాళ్ళకి అప్పజెప్పాను, వాళ్ళు చూసుకుంటారనుకున్నాను. అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆపే అధికారం నీ చేతిలో ఉన్నప్పుడు ఆపకపోవడమే నేరం అంది. పడిన జరిమానా ఎంతో తెలుసా, 250 డాలర్లు! డబ్బుగా చూస్తే నవ్వొస్తుంది. కానీ ఆ రోజు నుంచి అక్కడ తిండి, మందుల కంపెనీ పెద్ద ఎవడూ నాకు తెలీదు అని చెప్పి తప్పించుకోడానికి లేకుండా పోయింది. మన దగ్గర ఇప్పటికీ "నాకు తెలీదు" అన్నదే అన్నిటికన్నా గట్టి బెయిలు.

అలాగని అమెరికావాళ్ళు ఆకాశంలోంచి ఊడిపడ్డారని కాదు. ఇదే విషం, ఇదే డైఇథిలీన్ గ్లైకాల్, 1937లో వాళ్ళ దగ్గర ఎలిక్సిర్ సల్ఫనిలమైడ్ అనే మందులో కలిపారు, వందమందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలు కూడా ఉన్నారు. మందు మంచిదో కాదో అమ్మే ముందు చూడాలని అప్పటికి చట్టమే లేదు. ఇంక ఏ కేసు పెట్టారో వినండి. ఎలిక్సిర్ అంటే అందులో ఆల్కహాల్ ఉండాలంట, ఇందులో లేదు కాబట్టి పేరు తప్పు రాశారని కేసు! 26,100 డాలర్ల జరిమానా కట్టేసి ఓనరు మా బాధ్యత ఏమీ లేదు అన్నాడు. ఆ మందు కలిపిన కెమిస్టు మాత్రం తనని తానే చంపుకున్నాడు. దాదాపు 90 ఏళ్ళ కిందటి సంగతి ఇది, సంతకం పెట్టినవాడు పోయాడు, లాభం తిన్నవాడు మిగిలాడు. తర్వాత ఏడాది 1938లో వాళ్ళు కొత్త చట్టం తెచ్చుకున్నారు. మనకి 1986లో ముంబై జేజే ఆస్పత్రిలో 14 మంది పోయారు ఇదే విషంతో, 2019 చివర, 2020 మొదట్లో జమ్మూ రామ్‌నగర్‌లో పిల్లలు పోయారు, 2022లో మన సిరప్పు తాగి గాంబియాలో, ఉజ్బెకిస్తాన్‌లో పోయారు. ఉజ్బెకిస్తాన్ కోర్టు 2024లో 23 మందికి శిక్ష వేసింది, అందులో ఆ మందు దిగుమతి చేసిన కంపెనీ నడిపిన మనిషికి 20 ఏళ్ళు.

గాంబియా గొడవ తర్వాత మన వాళ్ళు 2023 జూన్ నుంచి ఒక రూలు పెట్టారు. దగ్గుమందు విదేశాలకి పంపాలంటే ముందు ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. మంచిదే. చింద్వాడాకి పంపాలంటే? రాజాంకి పంపాలంటే? ఆ రూలు లేదు. ఎగుమతి రొయ్యకి ఒక రకం పరీక్ష, మనం తినేదానికి ఇంకో రకం, అది కోస్తా వాళ్ళకి అలవాటే అనుకోండి, కానీ చంటిపిల్లాడి మందుకి కూడానా?

శ్రీకాకుళం ఎంపీ గారూ, మీరిప్పుడు విమానయాన మంత్రి కూడా కాబట్టి ఈ ముక్క మీకు నాకన్నా బాగా తెలుస్తుంది. బోయింగ్ 737 మ్యాక్స్ రెండు విమానాలు కూలాయి కదా, 2018 అక్టోబర్‌లో ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది, మొత్తం 346. ముక్కుని కిందికి తోసే సాఫ్ట్‌వేర్ ఒకే ఒక్క సెన్సార్ చెప్పిన మాట వింటుంది, ఆ సెన్సార్ తప్పు చెప్పింది. కంపెనీ 2021లో 250 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. కోర్టులో ముద్దాయిగా నిలబడింది మాత్రం ఒకే ఒక్కడు, అతనూ టెక్నికల్ పైలట్, 2022లో జ్యూరీ అతన్ని వదిలేసింది. సీఈఓ గారు దాదాపు 6 కోట్ల 20 లక్షల డాలర్ల బెనిఫిట్లు తీసుకుని ఇంటికెళ్ళారు. మా ఊళ్ళో కరెంటు షాకు కొట్టి గేదె చచ్చిపోయినా లైన్‌మన్‌ని సస్పెండ్ చేస్తారు, అదే లెక్క, ఊరు చిన్నది, అంతే తేడా.

ఇంకోవైపు వేరుశెనగ వ్యాపారి ఒకాయన ఉన్నాడు అదే అమెరికాలో, స్టువర్ట్ పార్నెల్. సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమి ఉందని తెలిసీ పల్లీ సరుకు బయటికి పంపించాడు, 2008, 2009లో తొమ్మిది మంది చనిపోయారు, వందల మందికి జబ్బు చేసింది. 2015లో కోర్టు అతనికి 28 ఏళ్ళు వేసింది. కంపెనీకి కాదండీ, మనిషికి. మరి మన భోపాల్? 1984 డిసెంబర్‌లో వేల మంది, పాతికేళ్ళు దాటాక 2010లో తీర్పు, కంపెనీ పెద్దలకి రెండేళ్ళు, తలా లక్ష రూపాయల జరిమానా, ఆ రోజే బెయిలు. మందు వేరు, గ్యాసు వేరు అంటారేమో, నాకు తేడా కనపడట్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ స్టైరీన్ గ్యాసు వదిలినప్పుడు 12 మంది పోయారు, మా చుట్టాలబ్బాయి గోపాలపట్నంలో ఉంటాడు, రోడ్డు మీద పడిపోయిన ఆవుల్ని దాటుకుంటూ పిల్లల్ని భుజాన వేసుకుని పరిగెత్తాడు. జూలైలో అక్కడ సీఈఓని సహా అరెస్టు చేశారు, ఆ ఒక్కసారి పై అంతస్తు దాకా వెళ్ళారు అనిపించింది. తర్వాత బెయిళ్ళు వచ్చాయి.

ఇప్పుడు మీ దగ్గరికొచ్చే మాట నాకు తెలుసు. ఇంత కఠినంగా పెడితే పెట్టుబడులు రావు, ఫ్యాక్టరీలు పోతాయి, పిల్లల ఉద్యోగాలు పోతాయి. అప్పలనాయుడు గారూ, పైడిభీమవరం మీ నియోజకవర్గంలోనే ఉంది, మీకు కొత్త కాదు. రణస్థలం, లావేరు, చీపురుపల్లి, రాజాం వైపు బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలు ఎంతమంది ఆ మందుల కంపెనీల బస్సులెక్కుతున్నారో నేను రోజూ పొద్దున్నే షట్టర్ తీస్తూ చూస్తాను. మా బావమరిది కూడా అలాంటి ఒక కంపెనీలోనే క్యూసీలో, అంటే సరుకు పరీక్ష చేసే చోట, చేస్తున్నాడు, ఏ ఊళ్ళో ఏ కంపెనీయో చెప్పను. నెలాఖరు వస్తే వాడికి నిద్ర ఉండదు, డిస్పాచ్ టార్గెట్. ఒకసారి సంక్రాంతికి ఇంటికొచ్చి, తిని, పెరట్లో మంచం మీద పడుకుని అన్నాడు, "బావా, నేను ఫెయిల్ అని రాస్తే ఆ రోజే నా మీదకొస్తారు. పాస్ అని రాస్తే ఎవడూ ఏమీ అనడు, ఏదన్నా అయినప్పుడు మాత్రం సంతకం నాదే కదా." రెండు విధాలా వాడే. వాడి పైన ఉన్నవాడికి రెండు విధాలా ఏమీ కాదు. అందుకే అంటున్నాను, పైవాణ్ణి పట్టుకునే చట్టం వస్తే ముందు ఊపిరి పీల్చుకునేది ఈ బస్సులెక్కే పిల్లలే. ఫెయిల్ అని రాసిన రోజు మేనేజరే వచ్చి, వద్దురా నాయనా పంపొద్దు, పైన సారు జైలుకెళ్తారు అంటాడు. ఉద్యోగాలు పోవడం కాదు, ఉద్యోగం సరిగ్గా చెయ్యనిస్తారు.

2023లో మీ పార్లమెంటే జన్ విశ్వాస్ అని ఒక చట్టం చేసింది, అప్పలనాయుడు గారు అప్పటికి ఇంకా రాలేదనుకోండి. దాంట్లో మందుల చట్టం సెక్షన్ 27(డి)ని రాజీకి వీలయ్యేలా మార్చారు, అంటే డబ్బు కట్టి కేసు ముగించుకోవచ్చు. నిజం చెప్పాలంటే నాలాంటోడికి అది మేలే, ఆ రూలు 2013లో ఉంటే నాకు తొమ్మిదేళ్ళ వాయిదాలు తప్పేవి. బిళ్ళ కరగకపోవడం లాంటి తప్పులకి అది సరిపోతుంది కూడా. నా భయం ఎక్కడంటే, నాణ్యత లేదు అనే ఆ చిన్న మాట కింద ఏ తప్పునైనా తోసెయ్యొచ్చు. మనిషి చనిపోతే పెట్టాల్సింది సెక్షన్ 27(ఏ), కల్తీ మందు వల్ల ప్రాణం పోతే పదేళ్ళకి తక్కువ కాకుండా యావజ్జీవం దాకా అని 2008లోనే మార్చి పెట్టారు. పదును ఉన్న కత్తే. ఎవడి మీద దింపాలో తెలీక ఒరలో ఉంది.

అందుకని నేను అడిగేది కొత్త కత్తి కాదు, ఒక పేరు. తయారీ లైసెన్సు ఇచ్చేటప్పుడే బోర్డులో ఉన్న ఒక డైరెక్టరు, జీతగాడు కాదు, వాటా ఉన్నవాడో ఎండీయో, ఈ ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చే ప్రతి బ్యాచ్‌కీ నేను ఇన్‌ఛార్జిని అని రాసి సంతకం పెట్టాలి. సెక్షన్ 34లో ఆ సంతకమే సాక్ష్యం అని చేర్చండి, అప్పుడు మా జిల్లా ఇన్‌స్పెక్టరు గారు ఎవరి బీరువా తాళమూ అడగక్కర్లేదు. నేను జాగ్రత్తలన్నీ తీసుకున్నాను అని నిరూపించుకునే అవకాశం అతనికి ఉండనివ్వండి, ఇప్పుడు చట్టంలో ఉన్నట్టే, కానీ నిరూపించుకోవాల్సింది అతను, వచ్చి బోనులో నిలబడి. ఎగుమతికి పెట్టిన ల్యాబ్ పరీక్ష పిల్లల సిరప్పుల వరకైనా ఇక్కడ కూడా పెట్టండి. ఇంకొకటి, గడువులు పొడిగించడం ఆపండి. ఫ్యాక్టరీలు బాగుచేసుకోమని కొత్త షెడ్యూల్ ఎం నిబంధనలు 2023 డిసెంబర్‌లో తెచ్చారు, చిన్న కంపెనీలు అడిగాయని గడువు 2025 డిసెంబర్ 31 దాకా జరిపారు. ఆ చింద్వాడా పిల్లలు ఆ గడువు లోపలే పోయారు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. తిండి సరుకుల చట్టం, 2006 నాటిది, దాంట్లో సెక్షన్ 66 అని ఉంది, కంపెనీ తన యూనిట్‌కి ఒక మనిషిని నామినీగా పెట్టొచ్చు, తప్పు జరిగితే బాధ్యత ఆ నామినీది. వినడానికి నేను అడిగిందే కదా? కానీ పెద్ద కంపెనీలు అక్కడ ఎవరి పేరు రాస్తాయనుకున్నారు, ప్లాంట్‌లో ఉండే మేనేజరు పేరు. చట్టమే అతన్ని మెట్ల కింద నిలబెట్టింది, పై వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు. మా ఊళ్ళో పూర్వం పెద్దింటివాళ్ళు కల్లు పాట ఎవరో పాలేరు పేరున పాడించేవారంట, అదే పద్ధతి. కాబట్టి ఆ పేరు ఎవరిది ఉండాలో మీరే చట్టంలో రాయండి, కంపెనీకి వదిలెయ్యకండి.

అప్పలనాయుడు గారు సైకిల్ మీద పార్లమెంటుకి వెళ్తారు కదా, ఆ ఫొటోలు మా షాపు దగ్గర బల్ల మీద కూర్చునే వాళ్ళందరూ చూశారు, మనోడురా అనుకున్నారు. అదే సైకిల్ మీద ఈ కాగితం కూడా తీసుకెళ్ళండి. రామ్మోహన్ నాయుడు గారు మంత్రివర్గంలోనే ఉన్నారు కాబట్టి ఆరోగ్య మంత్రి గారి గదికి దారి అడగక్కర్లేదు. ప్రశ్న వేస్తారో, ప్రైవేటు మెంబరు బిల్లు పెడతారో, ఉత్తరమే రాస్తారో మీ ఇష్టం, ఏదో ఒకటి చేసినట్టు మాకు తెలిసేలా చెయ్యండి.

మీలో ఎవరైనా ఇటు వచ్చినప్పుడు షాపుకి వస్తే ఆ సీసా చూపిస్తాను. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి పది దాకా తీసే ఉంటుంది, మధ్యాహ్నం రెండు నుంచి మూడు మాత్రం అన్నానికి వెళ్తాను. ఆ మామ్మ ఇప్పటికీ వస్తుంది, గుంటడు బాగానే ఉన్నాడు, మొన్న జలుబు చేస్తే మందేం కొనలేదు, వాము కషాయం ఇచ్చానంది. నేను ఆ రోజు ఒక సీసా అమ్ముకోలేకపోయాను, దానికి బాధ లేదు. వెళ్తూ వెళ్తూ "ఆ కంపినీవోడు దొరికినాడేటి బావూ?" అని అడిగింది. ఏ కంపెనీ మామ్మా, నీ సీసాది వేరే కంపెనీ అన్నాను. "ఏదో ఒకటి, ఓడో ఒకడు ఉంటాడు కదేటి" అంది.

ఇట్లు,
రాజాం దగ్గర మెడికల్ షాపు వాడు